మోకాలి మీద పాఠం

హిబారా రేవులో కరెంటు అప్పుడే వచ్చింది. నికనోర్ రేడియో ముందు కూర్చున్నాడు. మనవరాలు మైలెన్ దానికో కొత్త డబ్బా తగిలించింది. పొట్టిగా, పొడుగ్గా వచ్చే మోర్సు కోడు కూతల్ని అదే అక్షరాలుగా తెర మీద రాసేస్తుంది.

"ఇక నీ చెవులకి రిటైర్మెంటే తాతా!" అని నవ్వి పడుకోవడానికి వెళ్ళింది.

అర్ధరాత్రి దాటాక సన్నగా ఓ కూత మొదలైంది. తెర మీద మాత్రం అర్థంలేని అక్షరాలు పడ్డాయి.

"వట్టి గోల తాతా, కట్టెయ్," అంది మైలెన్ పక్క గదిలోంచి.

నికనోర్ కళ్ళు మూసుకుని విన్నాడు. ప్రతి పొడుగు కూతా చివర్లో కాస్త ఈడుస్తోంది. అలా ఈడ్చే చెయ్యి ఒక్కటే, ఎలాడియో మాస్టారిది. చిన్నప్పుడు చీకట్లో కూర్చోబెట్టి, నికనోర్ మోకాలి మీద వేలితో కొడుతూ మోర్సు నేర్పిన మనిషి. ఆయన్ని పాతిపెట్టి పదకొండేళ్ళయింది.

చెవికి మాటలు తేటగా అందాయి: "తప్పు. మళ్ళీ మొదటినుంచి."

నికనోర్ రేడియో కట్టేశాడు. డబ్బా తీగ పీకేశాడు. కిటికీ అవతల అలల చప్పుడు నిద్రలో విన్నట్టుగా ఎక్కడో దూరంగా ఉంది. రెండు చేతులూ బల్ల మీద ఆనించాడు.

కుడి మోకాలి మీద ఓ చల్లని వేలు నెమ్మదిగా కొట్టింది. ఒకసారి పొట్టిగా, ఒకసారి పొడుగ్గా, చివర కాస్త ఈడుస్తూ.

మోర్సులో మొదటి అక్షరం.