తెలుపు మీద తెలుపు

"వసీం పేరు తీసెయ్ బేటీ," అన్నాడు ఇద్రీస్, కూతురి ముఖం చూడకుండా.

సాదియా వేళ్లు కీబోర్డు మీద ఆగిపోయాయి. బూర్గంపాడులోని తమ ఇనుప గేట్ల షాపుకు వెబ్‌పేజీ చేస్తోందామె. పైన పెద్దక్షరాల్లో అన్నదమ్ములిద్దరి పేర్లు. వసీం తమ్ముడే అయినా అతని పేరే ముందు. చేయి తిరిగిన పనివాడు అతనే మరి.

"షాపు చాచాది గూడ కదా అబ్బా?"

"అవ్, కాదన్ననా? బోర్డు మీద పేరు చూసినోళ్లు ఆయనే కావాలంటున్నరు. ఇప్పుడు పనికి వస్తలేడంటే ఆర్డరు వేరేటోళ్లకు ఇస్తున్నరు. నన్నేం చెయ్యమంటవ్?"

"చాచాకు తెలిస్తే?"

"ఎట్ల తెలుస్తది? నువ్వు చెప్తవా ఏంది?"

సాదియా కంప్యూటర్ వైపు తిరిగింది. తండ్రి మాట కాదనలేకపోయింది, పేరు చెరిపేయడానికీ చేయి రాలేదు. ఖమ్మంలో నేర్చుకున్న కోర్సు అక్కరకొచ్చింది. వెబ్‌పేజీకి హెచ్‌టీఎంఎల్ అంటే గేటుకు ఇనుములాంటిది, సీఎస్ఎస్ దాని మీద పెయింటు. ఇనుము జోలికి పోలేదు, పెయింటు మార్చింది. తెల్లటి పేజీ మీద వసీం పేరుకు తెల్లరంగే వేసింది. పాము చావలేదు, కర్ర విరగలేదు. చదువుకున్న పిల్ల కదా!

శుక్రవారం నమాజు అయ్యాక వసీం ఆటోలో షాపుకు వచ్చాడు. సాదియా ఎదురెళ్లి చేయి పట్టుకుని తీసుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టింది.

"పేజీ తయారైందంట, ఎవరో లింకు పంపిండ్రు. నాకొక్క మాటన్నా చెప్పలేదేంది బేటీ?" అంటూ నవ్వి, చెవిలో ఇయర్‌ఫోన్ సర్దుకుని ఫోన్ తీశాడు.

ఇద్రీస్ పని లేకపోయినా గ్రైండర్ చేతికి తీసుకుని అటు తిరిగి నిలబడ్డాడు.

వసీం వేలు స్క్రీన్ మీద మెల్లగా జరిగింది. ఒకచోట ఆగింది.

"ఇంట్ల కూసున్నోని పేరు గూడ ముందే పెట్టించినవా భాయ్!" ఫోన్‌ను అన్న వైపు చాపాడు. "నన్ను మర్చిపోయిండ్రేమో అనుకున్న. మాఫ్ చెయ్యి."

ఇద్రీస్ గబగబా వచ్చి తమ్ముడి ఫోన్‌లోకి తొంగిచూశాడు. తన పేరొక్కటే ఉంది. దాని ముందంతా ఖాళీ.

తండ్రీ కూతుళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకోలేకపోయారు. భూమిలో కూరుకుపోతే బాగుండుననిపించింది ఇద్దరికీ.

వెల్డింగ్ చేస్తుండగా ప్రమాదం జరిగి రెండు కళ్లూ పోయినప్పటి నుంచి, ఏ పేజీనైనా వసీంకు చదివి వినిపించేది ఆ ఫోనే. దానికి ఏ రంగు అక్షరమైనా ఒక్కటే.