రెండో ‘వెళ్లకు’

హామిల్టన్ గ్రామఫోన్ రికార్డుల ఫ్యాక్టరీలో పంతొమ్మిదేళ్లుగా నా పని ఒక్కటే. ఏ ఆల్బమ్ అచ్చయినా ముందుగా ఒక రికార్డు విని లోపాలు పట్టాలి. పాటలు నా చెవికెక్కడం ఎప్పుడో మానేశాయి.

గాయని ఓడెట్ ఆల్బమ్ మాత్రం నన్ను కదలనివ్వలేదు. కుట్టుమిషన్ చప్పుడే తాళం. నాలుగో పాటలో ఆమె ‘వెళ్లకు’ అంది. ఊపిరైనా తీసుకోకుండా మళ్లీ ‘వెళ్లకు’ అంది. ఏడ్చేశాను. ‘లోపాలు లేవు’ అని సంతకం పెట్టాను.

ఐదు వందల రికార్డులు అమ్ముడయ్యాక ఓడెట్ ఫోన్ చేసింది.

“డోరీన్ గారూ, చెవులెక్కడ పెట్టుకుని విన్నారండీ? నేను ‘వెళ్లకు’ అని ఒక్కసారే పాడాను. అక్కడ ముల్లు వెనక్కి దూకుతోంది!”

“తప్పయిపోయిందమ్మా” అన్నాను.

పంతొమ్మిదేళ్లుగా ఇలా ముల్లు దూకే రికార్డులెన్ని విరిచి చెత్తబుట్టలో వేశానో!