బంగారు నాలుక

సముద్రానికి ఎదురుగా ఉన్న ఆ ఇండియన్ రెస్టారెంట్లో అడుగు పెడుతూనే ఆయన మొహం చిట్లించాడు. ఇంకా కుర్చీలో కూర్చోనైనా లేదు.

"గోడ మీద ఏనుగు బొమ్మ, టేబుల్ మీద ప్లాస్టిక్ పువ్వు. ఇక వంట సంగతి వేరే చెప్పాలా?" అన్నాడు భార్యతో.

ఆయన వారం వారం పేపర్లో హోటళ్ళ గురించి రాస్తాడు. ఎవరో పాఠకుడు ఒకసారి 'బంగారు నాలుక' అన్నాడు. అంతే, ఆ ముక్క విజిటింగ్ కార్డు మీదికి ఎక్కేసింది. ఆయన మెచ్చుకుంటే ఆ హోటలుకి తిరుగులేదు. తిడితే మూడు నెలల్లో తాళం. మెచ్చుకోవడం ఆయనకి పెద్దగా అలవాటు లేదు.

సెలవులకి బయల్దేరే ముందు భార్య ఒక్కటే అడిగింది. "ఈ నాలుగు రోజులూ నోటుబుక్కు వద్దండీ. అందరిలా తిని, సముద్రం చూసి వద్దాం." సరేనన్నాడు. ఇప్పుడు మెనూ కార్డు అందుకోకముందే జేబులోంచి నోటుబుక్కు తీశాడు. ఆవిడ కుర్చీ ఆయన పక్కకి జరుపుకుంది. అనీ అనీ విసిగిపోయింది పాపం.

యజమాని ఆయన్ని గుర్తుపట్టాడు. పేపర్లో ఫొటో చూసి ఉన్నాడు. హోటలు తెరిచి ఆరు నెలలైంది. వండేది అతని భార్య, వడ్డించేది అతను. ఇద్దరూ ఉద్యోగాలు మానేసి దీన్నే నమ్ముకున్నారు. గబగబా వంటింట్లోకి వెళ్ళాడు.

"పేపరాయన వచ్చాడు. ఆయన రాసే నాలుగు ముక్కల మీదే మన బతుకు. జాగ్రత్త!"

అలా చెబితే ఎవరికైనా చేతులు ఆడతాయా? వంటావిడ చేతిలోంచి గరిట జారి కింద పడింది.

మొదట సూప్ వచ్చింది. భార్య ఆయన గిన్నెలోంచే ఒక చెంచా తాగింది. తన గిన్నె తన ముందే ఉన్నా సరే, ముందు ఆయన దాంట్లో చెంచా పెట్టాల్సిందే. పైగా చేతులు ఒకచోట ఉండవు. మిరియాల సీసా కాస్త అవతలికి నెట్టింది, న్యాప్‌కిన్ మడిచింది, గాజులు వెనక్కి తోసుకుంది.

ఆయన సూప్ తాగి, కళ్ళు మూసుకుని, కచేరీ వింటున్నవాడిలా తలాడించాడు. "మిరియాలు ఎక్కువ. గిన్నె అంచు పగిలింది."

"అవును సార్, కాస్త ఎక్కువే పడ్డట్టుంది," అని ఒప్పేసుకున్నాడు యజమాని. భయంలోనూ ముచ్చటపడ్డాడు. ఏం నాలుకండీ!

తర్వాత బెండకాయ వేపుడు. భార్య ఒక ముక్క నోట్లో వేసుకుని, నిమ్మచెక్క ఉన్న పళ్ళెం దగ్గరికి లాక్కుంది.

"పులుపు చాల్లేదు," అన్నాడాయన. "ముక్కలు ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. కళ్ళు మూసుకుని తరిగారా?"

తన జోకుకి తనే నవ్వుకుని, మర్చిపోకుండా దాన్ని నోటుబుక్కులో ఎక్కించాడు.

అన్నం, పప్పు వచ్చాయి. భార్య చెంచాడు పప్పు రుచి చూసి, ఉప్పు సీసా మీద చెయ్యి వేసింది. సరిగ్గా అప్పుడే యజమాని మర్యాదకి అడిగాడు.

"అమ్మా, మీకెలా ఉందండీ?"

ఆవిడ నోరు తెరిచేలోగా ఆయన పకపకా నవ్వాడు. "ఆవిణ్ణి అడుగుతావేంటయ్యా! ఉప్పుకీ పంచదారకీ తేడా తెలీని మనిషి. నా పుణ్యమా అని నాలుగు హోటళ్ళు చూస్తోంది, అంతే."

పక్క టేబుల్ వాళ్ళు తలతిప్పి చూశారు. ఆవిడ ఉప్పు సీసా మీంచి చెయ్యి తీసేసింది. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కిటికీలోంచి సముద్రం చూడసాగింది.

ఆయన పప్పన్నం కలుపుకుని తిన్నాడు. ఉప్పు సీసా వైపు చూశాడు. భార్య వైపు చూశాడు. దగ్గాడు. ఇంకో చెంచా తిన్నాడు.

"రుచి చూశావుగా?" అన్నాడు మెల్లిగా.

"చూశాను," అంది ఆవిడ సముద్రంతో.

ఆయన గొంతు సవరించుకున్నాడు. "ఉప్పు కషాయం!" అని చెంచా విసురుగా కింద పెట్టాడు. "ఇది పప్పా? ఈ సముద్రంలో నీళ్ళు ముంచి ఉడికించారా? ఈ వారమే రాస్తాను. జనం ఈ ఛాయలకి రాకూడదు!"

యజమాని మొహం పాలిపోయింది. "సార్, ఒక్క అవకాశం ఇవ్వండి. మాకింకో ఆధారం లేదు."

కలం ఆగలేదు.

ఆ అరుపులకి వంటావిడ బయటికొచ్చింది. కళ్ళ నిండా నీళ్ళు. చేతులు జోడించింది. "తప్పు నాదేనండీ. మీరొచ్చారన్న కంగారులో పప్పులో ఉప్పే వెయ్యలేదు. ఇప్పుడే చూసుకున్నాను."

ఆయన కలం ఆగింది. పక్క టేబుల్ దగ్గర ఎవరో కిసుక్కున నవ్వారు.

భార్య సముద్రం వైపు నుంచి ఇటు తిరిగింది. సీసా అందుకుని పప్పులో ఉప్పు చల్లింది. కలిపింది. రుచి చూసింది. "చాలా బాగుందమ్మా. కళ్ళు తుడుచుకో," అంది వంటావిడతో. తర్వాత భర్త చేతిలోంచి నోటుబుక్కు లాక్కుని, ఆయన రాసిందంతా కొట్టేసి, కింద రెండు లైన్లు రాసింది.

యజమానికి ఏమీ అర్థం కాలేదు. "అమ్మా, సార్ రాయాల్సింది మీరు రాస్తున్నారేంటండీ?"

"మూడేళ్ళ కిందట జ్వరమొచ్చి ఆయనకి రుచి తెలియడం పోయింది బాబూ; అప్పట్నుంచీ ఈ సీసాలు అటూ ఇటూ జరుపుతూ చెబుతున్న ఆ బంగారు నాలుక నాదే."