పెద్దాయన గొంతు

ఫోన్ మోగేసరికి అతని చేతిలో చెంచా ఉంది. మంచం మీది మనిషి జావ సగం మింగి, సగం గడ్డం మీదకి వదిలాడు.

"మింగు నాన్నా," అన్నాడతను. "ఆఫీసు ఫోను. తొందరగా మింగెయ్."

ఆ ఇంట్లో ఉన్నది ఇద్దరే, ఒక తండ్రీ ఒక కొడుకూ. ముసలి తల్లిదండ్రుల్ని ఇంట్లోనే పెట్టుకుని చూసుకునే బిడ్డలకి ప్రభుత్వం నెలనెలా భత్యం ఇస్తుంది. ఇల్లు గడిచేది దానిమీదే. ఏడాదికోసారి ఆఫీసు నుంచి ఫోన్ వస్తుంది. అటూ ఇటూగా నాలుగు ప్రశ్నలు వేస్తారు. ఎక్కడైనా తేడా కొట్టిందా, మనిషి ఇంటికొచ్చి చూస్తాడు. ఆపైన భత్యానికి నీళ్ళొదులుకోవాల్సిందే.

అతను చెంచా గిన్నెలో పడేసి ఫోన్ ఎత్తాడు. భయం వెయ్యలేదు. భయపడటానికైనా కాస్త ఓపిక ఉండాలి కదా, మొన్నటి చలికాలం నుంచి అదీ లేదు. పక్కగుడ్డలు ఉతకడం, వీపు ఒరుసుకుపోకుండా మనిషిని అటూ ఇటూ తిప్పడం, తినిపించడం, మళ్ళీ గుడ్డలు. ఏడుపొస్తుందా అంటే అదీ రాదు.

"సంక్షేమ ఆఫీసు నుంచండీ," అంది ఆడగొంతు, గుక్క తిప్పుకోకుండా. "మీ పుట్టినతేదీ చెప్పండి."

తడుముకోకుండా చెప్పాడు. అడక్కపోయినా వారం కూడా చెప్పాడు.

"నాన్నగారిది?"

"ఉండండి, కార్డు చూసి చెప్తాను."

"మగపిల్లలంతా ఇంతేనండీ," అని నవ్విందామె. "సరే, రూల్స్ చదవాలి, వినండి. మీరు వేరే ఊరు వెళ్ళిపోయినా, ఉద్యోగంలో చేరినా, ఒంట్లో బాగోక చూసుకోలేకపోయినా భత్యం ఆగిపోతుంది. పెద్దాయన్ని వృద్ధాశ్రమానికి మారుస్తాం. సరేనా?"

"సరేనండీ."

డబ్బు కన్నా అతనికి ఆ ఆశ్రమం మాటంటేనే హడలు. అక్కడికి ఒక్కరినే తీసుకుపోతారు. రెండోవాడు ఏమైపోతాడో ఏ రూల్‌లోనూ లేదు.

"పోయినసారి నాన్నగారు కర్ర పట్టుకుని నడుస్తారని రాసుందే?"

అతను కుర్చీకి ఆనించిన కర్ర వైపు చూశాడు.

"ఇప్పుడు లేవలేడండీ. పక్షవాతం. కుడివైపంతా పడిపోయింది."

"అయ్యయ్యో! మరి అన్నం?"

"నేనే తినిపిస్తాను."

"స్నానం?"

"నేనే."

"ఒక్కరే ఎలా నెట్టుకొస్తున్నారండీ బాబూ! ఇదిగో, మంచాన పడ్డవాళ్ళుంటే ఈ ఏడాది నుంచి కొత్త సాయం వచ్చింది. మా మనిషి మీ ఇంటికొచ్చి వారం రోజులు పెద్దాయన్ని చూసుకుంటుంది. మీరు హాయిగా కాళ్ళు చాపుకుని పడుకోవచ్చు. రాసెయ్యమంటారా?"

పడుకోవడం. ఆ మాట చెవిన పడగానే అతని కళ్ళు వాటంతటవే మూతలు పడ్డాయి. రాసెయ్యమని అనబోయాడు కూడా.

"వద్దండీ."

"అదేంటండీ! దీనికోసం జనం ఎగబడుతున్నారు."

"కొత్తవాళ్ళని చూస్తే బెదిరిపోతాడు."

అవతల కాగితాలు తిప్పిన చప్పుడైంది. అతను గిన్నెలో జావ కేసి చూస్తూ కూర్చున్నాడు.

"మీ ఇష్టం," అందామె. "అయితే పెద్దాయన గొంతు ఒక్కసారి వినిపించండి. మనిషి ఉన్నాడని మేం రాసుకోవాలి. ఏమీ అనుకోకండేం."

పోయినసారి ఇది అడగలేదు. అతను ఫోన్ చాచి మంచం మీది మనిషి నోటి దగ్గర పెట్టాడు.

"బాగున్నానని చెప్పు నాన్నా. ఇంకేమీ వద్దు. బాగున్నాను, అంతే."

మంచం మీది మనిషి పెదవులు ఒక పక్కకి వంకరపోయాయి. గొంతులో గురగురమంది. నానా అవస్థా పడితే ఒక్కటే మాట బయటికొచ్చింది.

"నా... న్నా."

చెప్పమన్నదొకటి, చెప్పిందొకటి. అతను చప్పున ఫోన్ తన చెవికి పెట్టుకున్నాడు.

అవతల గడగడా మాట్లాడే ఆ గొంతు మెత్తబడింది. "ఆయన కూడా మిమ్మల్ని నాన్నా అనే పిలుస్తారా? మా నాన్న కూడా అంతేనండీ. పోయేదాకా నన్ను అమ్మా అనే పిలిచాడు."

"అవునండీ. మా ఇంట్లో ఇద్దరికీ అదే పిలుపు."

"ఇంకో ఏడాదికి రాసేశాను. ఏ బెంగా పెట్టుకోకండి. ఇలాంటి కొడుకుని కన్నాడు, పుణ్యాత్ముడు!"

ఫోన్ పెట్టేసింది. జావ చల్లారి పైన తొరక కట్టింది.

"విన్నావా నాన్నా, నువ్వు మంచి కొడుకువంట," అంటూ ఆ డెబ్భై ఎనిమిదేళ్ళ తండ్రి కర్ర ఊతంగా లేచి, కొడుకు గడ్డం మీది జావ తుడిచాడు.