సంగవికి వచ్చే మెసేజీలు

"ఈ వారం కూడా సంగవిదే" అంటూ రాజమ్మాళ్ టీచర్ సుద్దముక్క అందుకుంది.

జోతిలక్ష్మి పెదవి కొరుక్కుంది.

కోవిల్‌పట్టిలోని ఆ ట్యూషన్‌లో శనివారం వచ్చిందంటే ఇదే పాఠం. పిల్లలు తమ ఇంటి ఫోనుకు వచ్చిన మెసేజీ ఒకటి తేవాలి. ఆ పొట్టి ఇంగ్లీషును టీచర్ బోర్డు మీద ఉన్నదున్నట్టు రాస్తుంది, దాన్ని నిండు వాక్యాలుగా మార్చాలి. ఎవరి మెసేజీ నచ్చితే వాళ్లే బోర్డు దగ్గర నిలబడి మార్చాలి. అక్కడ బాగా చెప్పిన పిల్లను విరుదునగర్‌లో ఇంగ్లీషు పోటీకి తీసుకెళ్తానంది టీచర్.

జోతి ఇంట్లో ఫోను లేదు. ఊళ్లో చెల్లసామి మామను బతిమాలి ఒక మెసేజీ రాసుకొచ్చింది. వెంటనే రీచార్జి చేసుకోమని కంపెనీవాళ్లు పంపింది అది. క్లాసంతా నవ్వింది.

సంగవికేం! వాళ్ల నాయనది సెల్‌ఫోన్ల అంగడి. పైగా విరుదునగర్‌లో ఉన్న అక్క రోజూ మెసేజీ పెడుతుందట.

టీచర్ బోర్డు మీద రాసింది: hv u eaten? miss u. gd nt.

"తిన్నావా, నువ్వు లేక దిగులుగా ఉండాది, ఇంక పడుకో... ఎంత ప్రేమే మీ అక్కకు!"

జోతి లేచి నిలబడింది. "అక్కలు ఇట్లా రాస్తారా టీచర్? మా అక్క నన్ను మొద్దెద్దు అంటాది. ఇది ఎవడో మగపిల్లోడు."

క్లాసులో అందరూ సంగవి వైపు తిరిగారు.

"సుమ్మా గమ్మునుండవే జోతీ!" సంగవి ఫోనును గుప్పిట్లో దాచుకుంది. "అక్కే టీచర్."

"అక్కయితే ఇప్పుడే పిలవమనండి. ఎవరి గొంతు వస్తాదో అందరం విందాం."

"ఒద్దు టీచర్, పనిలో ఉంటాది."

"చూసినారా! ఏమిటికి బెదురుతాది?"

టీచర్ ముఖం బిగుసుకుంది. మగపిల్లాడి మాట బయటికి పొక్కితే రేపు ఏ తల్లీ ఇక్కడికి ఆడపిల్లను పంపదు.

"ఫోనియ్యి."

సంగవి ఇచ్చింది. మెసేజీ వచ్చిన నంబరునే నొక్కి, అందరికీ వినపడేలా బల్ల మీద పెట్టింది టీచర్. జోతి ముందుకు వంగింది. ఇంక బోర్డూ తనదే, విరుదునగర్ పోటీ తనదే.

సంగవి తల ఎత్తలేదు.

ఆమె సంచిలో ఇంకో ఫోను మోగింది.