మూత మీద మూడు గీతలు

గోంగూర గిన్నె పైకెత్తి చూసిన ఆదిలక్ష్మమ్మకు గుండె జారిపోయింది. గిన్నె కింద కోడలి కొత్త ల్యాప్‌టాప్ ఉంది. అద్దంలా నల్లగా మెరిసే దాని మూత మీద ఈ చివర నుంచి ఆ చివరకు మూడు గీతలు ఉన్నాయి. బల్ల మీద చోటు లేక, ఆకు వలిచేంతసేపేగా అని దాని మీద స్టీలు గిన్నె పెట్టి అటూ ఇటూ జరిపింది తనే. ఇంటికొచ్చి పదిరోజులైనా ఆ వస్తువును ఆమె అంత దగ్గరగా చూడటం ఇదే మొదలు.

దాని ఖరీదు లక్షా పదివేలని విన్నది. ఆమెను వణికించింది మాత్రం ఖరీదు కాదు, పెనం.

నిన్న సాయంత్రమే కోడలు భవిత స్టీలు అట్లకాడతో దోసె తీస్తూ నాన్‌స్టిక్ పెనం మీద గీత పెట్టింది. ఒకటే గీత. ఆదిలక్ష్మమ్మ ఊరుకుంటుందా? "ఏమే, కళ్లు నెత్తికెక్కినయ్యా? వస్తువును ఇట్టాగేనా వాడేది?" అంటూ ఇల్లు పీకి పందిరేసింది. పెనం పట్టుకుపోయి వీధిలో నాలుగిళ్ల వాళ్లకు చూపించి వచ్చింది. అట్లకాడ లాక్కుని బియ్యం డబ్బాలో దాచేసింది. పాపం, భవిత మిగతా దోసెలు గరిటె కాడతో తిప్పుకుంది.

ఇప్పుడా పిల్ల వచ్చి ఈ మూత చూస్తే? ఏమీ అనక్కర్లేదు, ఊరికే చూస్తే చాలు. ఆ వీధిలో ఆదిలక్ష్మమ్మ ఇంక తలెత్తుకుని తిరగలేదు.

కోడలు బ్యాంకుకు వెళ్లి అరగంటయింది. ఇంకో గంటలో వచ్చేస్తుంది. ఆదిలక్ష్మమ్మ ల్యాప్‌టాప్‌ను పాత చీరలో చుట్టి, చంకన పెట్టుకుని ఆటో ఎక్కింది. "గీతలు పోతే కొండకొచ్చి కొబ్బరికాయ కొడతా కోటయ్యసామీ" అని దారిపొడవునా మొక్కుతూనే ఉంది.

సత్తెనపల్లి రోడ్డులో సుభానీ కార్లకు పాలిష్ పడతాడు. చిన్నప్పుడు వీళ్ల వీధిలోనే పెరిగినవాడు.

"ఒరేయ్ సుభానీ, అరగంటలో ఇది కొత్తదైపోవాల."

"ఇదేంది పెద్దమ్మా, నేను కార్లు చేసేవోణ్ణి."

"దీనికీ రంగే ఏశారుగా. చూడు."

సుభానీ గీతల మీద గోరు ఆనించి చూశాడు. "పైపైనే ఉన్నయ్‌లే, పోతయ్. చానా మంచి వస్తువు. ఎవరు చేశారీ పని?"

"ఇంకెవరు, మా కోడలు" అంది ఆదిలక్ష్మమ్మ చటుక్కున. "ఈ కాలప్పిల్లలకి వస్తువు విలువ తెలిస్తేగా."

అనేసి నాలిక కరుచుకుంది. కానీ మాట దిద్దుకోలేదు.

సుభానీ మెత్తటి గుడ్డకు పాలిష్ రాసి గుండ్రంగా రుద్దడం మొదలుపెట్టాడు. ఒక గీత పోయింది. రెండోదీ పోయింది. మూడోది మూల దగ్గర మొండికేసింది. ఆమె ఒక కన్ను గుడ్డ మీద, ఒక కన్ను గడియారం మీద పెట్టింది. "ఇంకాస్త రుద్దు నాయనా." ఇంకాస్త రుద్దాడు. అదీ పోయింది. ఎగిరి గంతేయాలనిపించింది ఆదిలక్ష్మమ్మకు. మోకాళ్లు గుర్తొచ్చి ఆగిపోయింది.

ఇంటికొచ్చి ల్యాప్‌టాప్‌ను ఎక్కడిదక్కడ పెట్టి చెమట తుడుచుకుందో లేదో, భవిత మెట్లెక్కి వచ్చింది. వెనకే బిల్లు కాగితం పట్టుకుని ఎవరో మనిషి.

"ఈయన కాలేబు, అత్తయ్యా. ల్యాప్‌టాప్ కొన్న షాపులో చేస్తారు. గేటు దగ్గర కలిశారు."

"కొత్త పీసు కింద ఆటోలో ఉంది, తెస్తా మేడమ్" అన్నాడు కాలేబు. "పాతది బయట పెట్టి ఉంచండి. మీరు పంపిన ఫొటోలు మా ఓనరు నమ్మట్లా. కళ్లారా చూసి, ఉంటేనే మార్చమన్నాడు."

అతను దిగిపోయాడు. భవిత ముఖం వెలిగిపోతోంది.

"పదిరోజుల నుంచి ఫోన్లో పోట్లాడుతున్నా అత్తయ్యా. పెట్టె విప్పినప్పుడే మూత మీద మూడు గీతలున్నాయి. షాపులోనే చూసుకోవద్దా అని మీరు తిడతారని చెప్పలేదు. నేను అబద్ధమాడుతున్నానన్నాడు ఆ ఓనరు. ఇవాళ్టికి దారికొచ్చాడు. ఆ రకం అయిపోయిందని దీనికన్నా పెద్దదే ఇస్తున్నారు."

ఆదిలక్ష్మమ్మ కుర్చీలో కూలబడింది. భవిత ల్యాప్‌టాప్ తీసింది. అటు తిప్పింది, ఇటు తిప్పింది, కిటికీ వెలుగులో పెట్టి చూసింది. మూతలో తన ముఖమే కనిపించింది.

"గీతలేవి అత్తయ్యా?"

ఆదిలక్ష్మమ్మ చెప్పేసింది. గోంగూర గిన్నె నుంచి సుభానీ గుడ్డ దాకా ఒక్క గుక్కలో, సుభానీతో ఆడిన అబద్ధంతో సహా చెప్పేసింది. "నేనే గీశాననుకున్నానే అమ్మాయ్. నిన్న అన్ని మాటలన్నదాన్ని, ఇయ్యాల నీకు ముఖం ఎట్టా చూపియ్యాలో తెలవలా."

భవితకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కింద గేటు చప్పుడైంది. మెట్ల మీద కాలేబు బూట్లు వినిపిస్తున్నాయి.

"ఇప్పుడెట్లా అత్తయ్యా? నేను నిజంగానే అబద్ధాలకోరునైపోతాను."

"మా కోడలు అబద్ధమాడుద్దా? ఎవడంటాడో చూస్తా."

ఆదిలక్ష్మమ్మ లేచి కొంగు నడుముకు బిగించింది. తలుపు వేసి గడియ పెట్టింది. ల్యాప్‌టాప్‌ను బల్ల మీద బోర్లా కాకుండా మూత పైకి వచ్చేట్టు సరిచేసి పెట్టింది.

"బియ్యం డబ్బాలో అట్లకాడ ఉంది, పట్రా."