ముఖం లేని అమ్మ

“ఇదీ ఒక బొమ్మేనా? ముఖం పెట్టకుండా జనం మీదికి తోలారు,” అంది ముసలావిడ, హాలంతా వినబడేలా.

కాపలాదారుకు ఒళ్లు మండింది. గ్రంథాలయంలో ఈ ప్రదర్శన పెట్టి వారమైంది. మూడు రోజులుగా ఈవిడది ఇదే వరస. పొద్దున్నే రావడం, ఆ ఇనప బొమ్మ పక్కన కుర్చీ వేసుకుని తిట్టిపోయడం.

బొమ్మ పేరు ‘అమ్మ’. తుక్కు ఇనుముతో చేసిన నిలువెత్తు మనిషి. వెనకవైపు జుట్టుముడి, వంగిన మెడ, అలిసిన భుజాలు ప్రాణం ఉన్నట్టే ఉంటాయి. ముందువైపు మాత్రం ఉత్త రేకు. ఇవాళే ఆఖరి రోజు. సాయంత్రం ఐదులోగా సందర్శకుల పుస్తకంలో ఒక్క మంచి మాట పడితే మెట్ల పక్కన శాశ్వతంగా ఉంచుతారు. లేదంటే తుక్కు బండి ఎక్కిస్తారు. సిబ్బంది రాయకూడదు, లేకపోతే కాపలాదారే రాసేవాడు. అతనికి ఆ బొమ్మంటే అంత ఇష్టం.

మొదట్లో వచ్చినవాళ్లందరికీ “బాగుంది కదండీ” అని చెప్పి చూశాడు. నవ్వి వెళ్లిపోయారు. ఈవిడ తిట్లకి మాత్రం ఆగుతున్నారు, తమాషా చూడటానికి.

“నచ్చకపోతే ఇంటికెళ్లొచ్చుగా పెద్దమ్మా?”

“ఇంట్లో ఏముంది నాయనా, నిప్పూ పొగా తప్ప,” అంటూ కాలిన మచ్చలున్న వేళ్లతో బొమ్మ మోచేతి మీది దుమ్ము తుడిచింది. నోటితో తిట్టడం, చేత్తో తుడవడం, ఇదేం మనిషో అతనికి అర్థం కాలేదు.

ఐదుకి పావుగంట ఉందనగా ఓ బస్సు డ్రైవరు వచ్చాడు.

“చూడు బాబూ, కన్నతల్లికి ముఖం లేకుండా చేస్తారా ఎవరైనా?” అందుకుంది ముసలావిడ.

డ్రైవరు నవ్వుతూ బొమ్మ వెనక్కి వెళ్లాడు. అక్కడే నిలబడిపోయాడు.

“మా అమ్మని నేను చూసింది ఇలాగే,” అన్నాడు. “డ్యూటీకి వెళ్లేటప్పుడూ పొయ్యి దగ్గరే, వచ్చేటప్పుడూ పొయ్యి దగ్గరే. పోయాక ముఖం గుర్తు తెచ్చుకుందామంటే ఈ మెడే గుర్తొస్తోంది.”

“అంతమాత్రానికి ముఖం మానేస్తారా?”

“మీకు తెలీదు, ఊరుకోండి,” అన్నాడతను. పుస్తకం లాక్కుని పేజీ నిండా రాశాడు.

కాపలాదారు మనసు కుదుటపడింది. “ఇప్పుడేమంటారు?” అన్నాడు.

ముసలావిడ పుస్తకం దగ్గరికి లాక్కుంది. ఆ పేజీ చదువుకుంటూ కళ్లొత్తుకుంది. ఓడిపోయింది పాపం, అనుకున్నాడు.

ఐదింటికి లైబ్రేరియన్ రిజిస్టరుతో వచ్చాడు.

“బొమ్మ మనకే ఇస్తున్నట్టు శిల్పి సంతకం కావాలయ్యా. లారీలో బొమ్మొచ్చిందే గానీ మనిషి రాలేదు.”

“ఆ మహానుభావుడు ఎక్కడున్నాడో ఏమిటో,” అన్నాడు కాపలాదారు.

ముసలావిడ పెన్ను అందుకుని రిజిస్టరులో సంతకం పెట్టింది.